ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరితే చాలదు, లోపం తీరాలి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారములు. మీ పత్రికలోని వాహనాల పేజీలో ఇటీవల ఒక పాఠకుడు, తన కారు డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక దీపం ఆరకుండా వెలుగుతోందనీ, దాన్ని ఇంట్లోనే సరిచేసుకునే మార్గం చెప్పమనీ అడిగారు. బ్యాటరీ టెర్మినల్‌ను కాసేపు ఊడదీసి మళ్లీ బిగించమనీ, అప్పటికీ ఆరకపోతే కారు నమోదు చేసుకున్న లోపాల సంకేతాలను (కోడ్‌లను) చదివే స్కానరు ఒకటి కొని కోడ్‌ను చెరిపేయమనీ ఆయనకు జవాబు వచ్చింది. జవాబిచ్చినవారి సదుద్దేశాన్ని నేను శంకించడం లేదు. అయితే కార్ల విద్యుత్ మరమ్మతు పనిలో చాలాకాలంగా ఉన్నవాడిగా, ఆ సలహా దీపాన్ని ఆర్పడానికి పనికొస్తుందేమో గాని లోపాన్ని పట్టుకోవడానికి పనికిరాదని చెప్పక తప్పడం లేదు. ఈ విషయంలో కారు యజమాని ఇంటి దగ్గర చేసుకోదగ్గ పని చాలానే ఉంది. కానీ అది లోపం ఎక్కడుందో వెతికి తెలుసుకునే పని. దీపం ఆరడమే లక్ష్యమైతే ఆ వెతుకులాట మొదలుకాకముందే ముగిసిపోతుంది.

ముందుగా ఆ దీపం ఏం చెబుతోందో చూద్దాం. తాళం తిప్పగానే, కూర్చున్న మనిషి ముందు గుండ్రటి సంచి ఉన్నట్టుండే ఆ గుర్తు వెలిగి, కొన్ని సెకన్ల తర్వాత దానంతట అది ఆరిపోవాలి. ఆ కొన్ని సెకన్లలో, ఎయిర్‌బ్యాగులను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె అయిన కంట్రోల్ యూనిట్ తన పరిధిలో ఉన్న ప్రతి సర్క్యూట్‌నూ పరీక్షించుకుంటుంది. ఒక్కో ఎయిర్‌బ్యాగ్‌లోనూ దాన్ని రాజేసే చిన్న ఇగ్నైటర్ ఉంటుంది. విద్యుత్తు ప్రవాహానికి అది కలిగించే అడ్డంకి, అంటే నిరోధం, సాధారణంగా 2 ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. బ్యాగు పేలడానికి ఏమాత్రం చాలనంత స్వల్ప విద్యుత్తును అందులోకి పంపి, నిరోధం ఉండవలసిన హద్దుల్లో ఉందో లేదో యూనిట్ కొలుస్తుంది. బండి నడుస్తున్నంతసేపూ ఈ తనిఖీ సాగుతూనే ఉంటుంది. తేడా కనబడితే దీపం వెలిగించి, లోపానికి సంబంధించిన కోడ్‌ను తన జ్ఞాపకంలో రాసుకుని, కారును బట్టి ఆ ఒక్క సర్క్యూట్‌నో లేదా మొత్తం వ్యవస్థనో నిలిపివేస్తుంది. అందుకే దీపం ఆరకపోయినా, నడుస్తుండగా వెలిగినా, అదేపనిగా మినుకుమినుకుమన్నా, ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవచ్చుననే లెక్కలోనే ఉండాలి. ఢీకొన్న క్షణంలో బెల్టును లాగి బిగించే ప్రీటెన్షనర్లు కూడా ఇదే వ్యవస్థలో భాగం. ప్రమాదంలో బ్యాగు సుమారు 30 మిల్లీసెకన్లలో నిండాలి. అంటే లోపముంటే సర్దుకోవడానికి అప్పుడు సమయమంటూ ఏమీ ఉండదు. ఇక తాళం తిప్పినప్పుడు దీపం అసలు వెలగకపోవడం వీటన్నిటికన్నా అనుమానించవలసిన సంగతి, దాని గురించి కింద రాస్తాను. పక్క సీటులోని ఎయిర్‌బ్యాగ్ ఆఫ్‌లో ఉందని తెలిపే దీపం వేరు, సీటు బెల్టు పెట్టుకోమని గుర్తుచేసే దీపం వేరు. సీటు మీద సంచి పెట్టినప్పుడో, ఖాళీగా ఉన్నప్పుడో ఆ మొదటిది వెలిగితే అది లోపం కాదు. ఏ దీపం ఏమిటో కారుతో పాటు వచ్చిన పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. పని అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఇప్పుడు మీ జవాబులోని మొదటి సలహాకు వస్తాను. ఈ కాలపు కార్లలో ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు చాలావరకు బ్యాటరీ తీసినా చెరిగిపోని మెమరీలో ఉంటాయి. కాబట్టి టెర్మినల్ తీసి పెట్టినంత మాత్రాన లోపం పోదు సరికదా, చాలా కార్లలో దీపమైనా ఆరదు. ఒకవేళ ఆరిందంటే, ఎక్కడో వదులైన కనెక్షను ఆ కాసేపటికి కలిసి ఉండవచ్చు. అది మళ్లీ గతుకుల రోడ్డు మీద విడిపోతుంది. అసలు బ్యాటరీయే కారణమయ్యే సందర్భాలు లేకపోలేదు. బలహీనపడిన బ్యాటరీతో స్టార్టు చేసినప్పుడు వోల్టేజి బాగా పడిపోతే యూనిట్ దాన్ని లోపంగా నమోదు చేయవచ్చు. బ్యాటరీ దిగిపోయి మరో కారు బ్యాటరీతో స్టార్టు చేసిన మర్నాటి నుంచి దీపం వెలుగుతుంటే మొదట చూడవలసింది బ్యాటరీనీ, దాని టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడినీ, ఛార్జింగునూ. అక్కడ చేయవలసిన మరమ్మతు బ్యాటరీకి, దీపానికి కాదు.

రెండో సలహా కోడ్‌ను చెరిపేయడం. లోపం ఏ సర్క్యూట్‌లో ఉందో చెప్పగల సాక్ష్యం ఆ కోడ్ ఒక్కటే. దాన్ని కాగితం మీద రాసుకోకముందే చెరిపేస్తే, తర్వాత చూసే మెకానిక్‌కు, ముఖ్యంగా అప్పుడప్పుడు మాత్రమే తలెత్తే లోపం విషయంలో, పట్టుకోవడానికి దారమే లేకుండా పోతుంది. లోపం నిజంగా ఉంటే చెరిపిన కోడ్ ఎలాగూ తిరిగి వస్తుంది, కొన్నిసార్లు తాళం తిప్పిన మరుక్షణమే.

మరి యజమాని ఏం చేయాలి? దీపం వెలగడానికి ముందు కారుకు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోవాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, పరికరాలేవీ పట్టుకోకముందే సగం దారి చూపేది ఇదే. కొత్త సీటు కవర్లు వేయించారా? లోపలంతా వాక్యూమ్‌తో శుభ్రం చేయించారా? స్టీరియో మార్పించారా? సీటు ఊడదీసి కార్పెట్ ఆరబెట్టారా? సీటు కిందికి గొడుగు, నీళ్ల సీసా, పిల్లల బొమ్మ లాంటివి తోసి పెట్టారా? కారులోకి నీళ్లు చేరాయా? చాలా కార్లలో కంట్రోల్ యూనిట్ గేరు లివరుకు సమీపంలో, నేలకు బిగించి ఉంటుంది కాబట్టి కార్పెట్ తడిసిందంటే దాని కనెక్టర్లకు కూడా తడి తగిలి ఉండవచ్చు. అలాంటప్పుడు ఇంటి దగ్గర చేయగలిగేది లేదు, నేరుగా వర్క్‌షాపుకు తీసుకువెళ్లాలి.

మిగిలిన ప్రశ్నల్లో దేనికి 'అవును' అని సమాధానం వచ్చినా మొదట సీటు కింద చూడవలసిందే. నా అనుభవంలో ఈ దీపానికి కారణాలు తరచుగా దొరికే చోటు అదే. సీటులో అమర్చిన సైడ్ ఎయిర్‌బ్యాగు, బెల్టు బకిల్‌లోని స్విచ్చి, ప్రీటెన్షనరు, పక్క సీటులో మనిషి ఉన్నదీ లేనిదీ కనిపెట్టే సెన్సరు, వీటిలో ఆ కారులో ఉన్నవాటి వైర్లన్నీ సీటు కింది నుంచే పోతాయి. సీటు ముందుకూ వెనక్కూ జరిగినప్పుడల్లా ఆ వైర్లు కూడా కదులుతాయి. ఏళ్ల తరబడి ఆ కదలిక వల్ల కనెక్టరులోని పిన్నులు ఒకదానికొకటి రాసుకుని, పైపూత అరిగి, సన్నటి తుప్పు పొర ఏర్పడుతుంది. 2 ఓమ్‌ల చుట్టూ కొలత తీసుకునే యూనిట్‌కు ఆ పొర వల్ల పెరిగే కొద్దిపాటి నిరోధం కూడా లోపంగానే కనిపిస్తుంది.

చూడడం ఇలా. తాళం తీసేసి, సీటును పూర్తిగా వెనక్కు జరిపి ముందు వైపు నుంచి, తర్వాత పూర్తిగా ముందుకు జరిపి వెనుక వైపు నుంచి టార్చిలైటు వేసి చూడాలి. చేయి మాత్రం పెట్టకూడదు. పసుపు రంగు గొట్టంలో గాని, పసుపు రంగు కనెక్టరులో గాని పోతున్న వైర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగుకు సంబంధించినవే. కనెక్టరు రెండు ముక్కలూ పూర్తిగా కలిసి ఉన్నాయా, లేక మధ్యలో సన్నటి సందు కనబడుతోందా చూడాలి. ఈ కనెక్టర్లకు మామూలు కొక్కెంతో పాటు రెండో తాళం లాంటి చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. అది లోపలికి దిగి ఉందా, పైకి లేచి ఉందా గమనించాలి. వైరు ఎక్కడైనా సీటు పట్టా కింద నలిగిందా, లాగి బిగుసుకుపోయిందా, దానికున్న క్లిప్పు ఊడిందా, అంచుల్లో పచ్చటి చిలుము పట్టిందా చూడాలి. ఫోను కెమెరాను కిందికి పెట్టి ఫొటో తీసుకుంటే వంగి చూసినప్పుడు కనబడనివి కనబడతాయి, మెకానిక్‌కు చూపడానికీ ఆ ఫొటో ఉపయోగపడుతుంది.

కనెక్టరు వదులైందని స్పష్టంగా కనబడినప్పుడు దాన్ని నొక్కి బిగించాలనిపించడం సహజం. అయితే దాన్ని ముట్టుకునే ముందు తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి, కారు తయారీదారు చెప్పినంతసేపు ఆగి తీరాలి. ప్రమాదంలో బ్యాటరీ వైరు తెగిపోయినా బ్యాగు పేలేందుకు వీలుగా కంట్రోల్ యూనిట్‌లోని కెపాసిటర్లు కొంత విద్యుత్తును దాచుకుంటాయి. బ్యాటరీ తీసిన వెంటనే ఆ నిల్వ పోదు. కొందరు తయారీదారులు 90 సెకన్లు ఆగమంటారు, కొందరు చాలా నిమిషాలు ఆగమంటారు. కాబట్టి ఒక కారుకు చెప్పింది మరో కారుకు వర్తిస్తుందని అనుకోకూడదు. ఆ గడువు ఎక్కడా దొరక్కపోతే ముట్టుకోకుండా ఫొటోతో మెకానిక్ దగ్గరికి వెళ్లడమే సరైనది. పని అయ్యాక బ్యాటరీ తిరిగి బిగించేటప్పుడూ, మొదటిసారి తాళం తిప్పేటప్పుడూ కారులో ఎవరూ కూర్చుని ఉండకూడదు; తాళం తిప్పే మనిషి కూడా స్టీరింగు ఎదురుగా కాకుండా పక్కకు ఉండి తిప్పాలి.

బకిల్ సంగతి తేలిక. అందులో చిల్లర నాణెమో, తినుబండారాల పొడో పడి స్విచ్చి సరిగా పనిచేయకపోతే కొన్ని కార్లలో ఈ దీపం వెలుగుతుంది. బెల్టును పెట్టి తీసి, శబ్దం స్పష్టంగా వస్తోందా, బెల్టు గుర్తు వెంటనే మారుతోందా చూస్తే తెలిసిపోతుంది. పక్క సీటులోని బరువు సెన్సరు మాత్రం అంత తేలిక కాదు. దాన్ని మార్చినా, కొన్ని కార్లలో సీటు ఊడదీసి బిగించినా, తగిన స్కానరుతో దానికి సున్నా బరువు ఏదో తిరిగి నేర్పించాలి.

సీటు తర్వాత ఎక్కువగా అనుమానించవలసింది స్టీరింగు లోపలి క్లాక్ స్ప్రింగును. స్టీరింగు తిరుగుతున్నా దాని మధ్యలో ఉన్న ఎయిర్‌బ్యాగుకు తెగకుండా విద్యుత్తు అందాలి కదా. అందుకోసం చుట్టలు చుట్టిన పల్చటి రిబ్బను వైరు ఒకటి అక్కడ ఉంటుంది. స్టీరింగు ఒకవైపు తిప్పితే ఆ చుట్ట బిగుస్తుంది, మరోవైపు తిప్పితే విచ్చుకుంటుంది. వయసు మీద పడ్డాక అది చిట్లుతుంది. చాలా కార్లలో హారనుకూ, స్టీరింగు మీది బటన్లకూ విద్యుత్తు అందేది దాని గుండానే. అందువల్ల ఎయిర్‌బ్యాగ్ దీపంతో పాటు హారను మోగడం మానేసినా, స్టీరింగు ఒక వైపు తిప్పినప్పుడు మోగి మరో వైపు తిప్పినప్పుడు మోగకపోయినా, తిప్పేటప్పుడు చక్రం లోపలి నుంచి గరగర శబ్దం వస్తున్నా, అనుమానం దాదాపు నిర్ధారణ అయినట్టే. ఇంతవరకూ ఇంటి దగ్గర తెలుసుకోవచ్చు. మార్చడం మాత్రం ఇంటి పని కాదని గట్టిగా చెబుతున్నాను. దాన్ని అందుకోవాలంటే డ్రైవరు ఎయిర్‌బ్యాగును ఊడదీయాలి. పైగా కొత్తదాన్ని ముందు చక్రాలు తిన్నగా ఉంచి, సరిగ్గా మధ్య స్థానంలో అమర్చాలి. ఆ మధ్య తప్పితే బండి మొదటిసారి పూర్తి మలుపు తిరిగినప్పుడే కొత్త రిబ్బను తెగిపోతుంది.

స్కానరు కొనాలనుకునేవారికి ఒక మాట. చవకగా దొరికే రీడర్లలో చాలావరకు ఇంజను కోడ్‌లను మాత్రమే చదువుతాయి. వాటిని తగిలించి 'లోపాలు లేవు' అని చూపించగానే ఊరట పడకూడదు; అవి ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌ను పలకరించనే లేదు. ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థను కూడా చదువుతుందని, అదీ మీ కారు మోడల్‌లో చదువుతుందని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోవాలి. కోడ్ వచ్చాక అంకెతో పాటు దాని వివరణనూ, అది ప్రస్తుతం ఉన్న లోపమా, గతంలో వచ్చి పోయినదా అన్నదాన్నీ రాసుకోవాలి. నిరోధం ఎక్కువగా ఉందనో, సర్క్యూట్ తెగిందనో వస్తే చూపు కనెక్టర్ల వైపు, డ్రైవరు బ్యాగయితే క్లాక్ స్ప్రింగు వైపు మళ్లుతుంది. నిరోధం తక్కువగా ఉందనో, బాడీకి షార్టయిందనో వస్తే నలిగిన వైరు కోసం వెతకాలి. డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్ అని కోడ్ చెప్పిందంటే ఎయిర్‌బ్యాగే పాడైందని అర్థం కాదు. కోడ్ సర్క్యూట్‌ను చూపుతుంది, ఆ దారిలో పాడైన భాగం ఏదో తేల్చవలసింది మనిషే. ఈ తేడా తెలియక మంచి బ్యాగును తీసేసి కొత్తది కొన్నవారున్నారు.

ఇక చేయకూడనివి. వీటి గురించి మీ జవాబులో ఒక్క మాట కూడా లేకపోవడమే నన్ను ఈ ఉత్తరం రాయించింది. ఇళ్లలో వైరింగు పని తెలిసినవారు మొదట చేతిలోకి తీసుకునేది విద్యుత్తును కొలిచే మల్టీమీటరు. ఎయిర్‌బ్యాగు ఇగ్నైటరు మీద దాన్ని ఎన్నడూ పెట్టకూడదు. నిరోధం కొలిచేటప్పుడు మీటరు తన సొంత బ్యాటరీ నుంచి విద్యుత్తును పంపుతుంది. యూనిట్ పంపే విద్యుత్తుకు ఇంతకు మించకూడదన్న హద్దు ఉంటుంది, మన చేతిలోని మీటరుకు అలాంటి పూచీ ఏదీ లేదు. వైరులో విద్యుత్తు ఉందో లేదో బల్బు వెలిగించి చూసే టెస్ట్ ల్యాంపు అయితే మరింత ప్రమాదకరం. నిపుణులు బ్యాగును తప్పించి, దాని స్థానంలో తయారీదారు ఇచ్చిన ప్రత్యేక పరీక్షా పరికరాన్ని పెట్టి మిగిలిన సర్క్యూట్‌ను పరిశీలించేది ఇందుకే. ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లలో, విడదీయగానే రెండు పిన్నులనూ కలిపేసే చిన్న లోహపు పట్టీ ఉంటుంది. మన ఒంటి మీది స్థిర విద్యుత్తు వల్ల కూడా బ్యాగు పేలకుండా కాపాడేది అదే. పిన్నులను సూదితోనో, పిన్నీసుతోనో కదిలించేవారు ఆ రక్షణను తమ చేతులతోనే చెడగొడుతున్నారు. పసుపు వైర్లను కోసి, మెలిపెట్టి, టేపు చుట్టడం కూడా అలాంటిదే.

అన్నిటికన్నా ఘోరమైనది రెసిస్టరు, అంటే నిర్ణీత నిరోధం ఉన్న చిన్న విడిభాగం, పెట్టడం. బ్యాగు ఉండవలసిన చోట 2 ఓమ్‌ల రెసిస్టరును తగిలిస్తే కంట్రోల్ యూనిట్ దాన్నే బ్యాగుగా భావిస్తుంది, దీపం పద్ధతిగా వెలిగి పద్ధతిగా ఆరుతుంది, ఢీకొన్నప్పుడు మాత్రం ఏమీ తెరుచుకోదు. ప్రమాదంలో బ్యాగులు పేలిన కార్లను తక్కువ ఖర్చుతో అమ్మకానికి సిద్ధం చేసేవారు ఈ పని చేస్తారు. దీపం బల్బును తీసేయడం, దాని వైరును మరో దీపానికి కలపడం కూడా ఉన్నాయి. పాత కారు కొనేవారు ఇంజను స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పి చూడాలి. అప్పుడు ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని సెకన్లకు తనంతట తానే ఆరాలి. ఇంజను ఆయిల్ దీపం ఉన్న కారయితే అది స్టార్టు అయ్యేదాకా వెలుగుతూనే ఉంటుంది. రెండూ కలిసి వెలిగి, ఇంజను స్టార్టయినప్పుడు కలిసి ఆరితే ఎవరో వైరింగు మార్చారని అనుమానించాలి. అసలు వెలగకపోతే ఆ కారును నమ్మకూడదు. రెసిస్టరు పెట్టిన కారును మాత్రం ఈ పరీక్ష పట్టుకోలేదు. అందుకు తెలిసిన మెకానిక్ చేత బ్యాగుల మూతలూ, బెల్టులూ పరిశీలింపజేయాలి. ఆ కొనుగోలుదారు తన పిల్లలను ఆ కారులో కూర్చోబెట్టుకుంటాడన్న స్పృహ ఉన్నవారెవరూ ఆ పని చేయలేరని నేను నమ్ముతాను.

దీపం సక్రమంగా ఆరుతున్న కార్ల యజమానులకు కూడా ఒక సంగతి తెలియాలి. ఆ దీపం విద్యుత్ సర్క్యూట్‌నే చూస్తుంది గాని, బ్యాగును నింపే ఇన్‌ఫ్లేటరులోని రసాయనం ఎలా ఉందో చూడలేదు. జపాన్‌కు చెందిన ఎయిర్‌బ్యాగుల తయారీ సంస్థ టకాటా ఇన్‌ఫ్లేటర్ల ఉదంతం దీనికి ఉదాహరణ. వాటిలో వాడిన అమ్మోనియం నైట్రేట్, ఏళ్ల తరబడి వేడికీ గాలిలోని తేమకూ గురై చెడిపోయి, బ్యాగు తెరుచుకునేటప్పుడు అదుపు తప్పి మండి, లోహపు గుల్ల ముక్కలై మనుషుల మీదికి దూసుకొచ్చింది. ఎన్నో కంపెనీల కార్లను కోట్ల సంఖ్యలో వెనక్కి పిలిచారు. ఆ సంస్థ 2017 జూన్‌లో దివాలా రక్షణ కోరింది. ఆ కార్లలో ఇగ్నైటరు నిరోధం సవ్యంగానే ఉండడంతో దీపం ఎలాంటి హెచ్చరికా ఇవ్వలేదు. అందుచేత దీపం ఆరి ఉన్నా, తమ కారు ఛాసిస్ నంబరును తయారీదారు రీకాల్ జాబితాలో ఒకసారి సరిచూసుకోవడం ప్రతి యజమానీ ఇంటి దగ్గరే చేసుకోగల పని.

మీ పత్రికను నేను కోరేదల్లా, ఇలాంటి ప్రశ్నలకు జవాబు ప్రచురించేటప్పుడు యజమాని ఎంతవరకు వెళ్లవచ్చో, ఎక్కడ ఆగాలో కూడా దాని పక్కనే అచ్చువేయమని. ప్రశ్న అడిగిన ఆ పాఠకుడికి నా జవాబు ఇది: కోడ్‌ను ఇంకా చెరపకపోతే చదివించి రాసి పెట్టుకోండి; సీటు కింద చూసి ఫొటోలు తీసుకోండి; హారను పరీక్షించండి; బ్యాటరీ చూపించండి. మరమ్మతు అయ్యేదాకా కారు తీయక తప్పకపోతే అందరూ బెల్టు పెట్టుకోండి. దీపం వెలుగుతోంది కాబట్టి ముందు సీటులోని బ్యాగు పనిచేయదన్న ధీమాతో శిశువుల సీటును వెనక్కి తిప్పి అక్కడ పెట్టకండి. వర్క్‌షాపులో పని అయ్యాక, మరమ్మతుకు ముందూ తర్వాతా స్కానరు చూపిన కోడ్‌ల ప్రతులనూ, మార్చిన భాగం పేరూ నంబరూ రాసిన బిల్లునూ అడిగి తీసుకోండి. వాటిని ఇవ్వడానికి సందేహించే చోట ఆ పని చేయించవద్దు.

ఇట్లు,
భవదీయుడు,
కార్ల విద్యుత్ మరమ్మతు పనిలో ఉన్న ఒక పాఠకుడు